దర్శనం టికెట్ లేదా? అయితే ఒక పూట కొండను చూసి రండి

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకు చుట్టాలు ఎక్కువ, అది అందరికీ తెలిసిందే. ఈ మధ్య వచ్చే చుట్టాలు మాత్రం ఒకే పాట పాడుతున్నారు. "మూడు వందల టికెట్ దొరకలేదబ్బా, ఊరక క్యూలో నిలబడే ఓపిక లేదు, ఇంక కొండకు పోయి ఏం చేస్తాం, ఇంట్లోనే ఉందాంలే." దర్శనం లేకపోతే కొండే లేదన్నట్టు మాట్లాడతారు. స్వామి దర్శనం స్వామి దర్శనమే, దాని జోలికి నేను రావట్లేదు. కానీ ఊరికి ఆనుకుని ఇంత పెద్ద కొండ ఉండి, మీదికెళ్తే కింద ఊరంతా పళ్లెంలో పెట్టినట్టు కనిపిస్తుంటే, టికెట్ లేదని ఇంట్లో కూర్చోవడం ఏంటో నాకు అర్థం కాదు. ఏళ్ల తరబడి ఎక్కుతూ దిగుతూ, తప్పుడు వేళకు పోయి ఏమీ కనిపించక తిరిగొస్తూ, తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నా. ఒక పూట చాలు. టికెట్ అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని కొండెక్కడం కాదు, కింద నుంచి చూడటం. రేపు పోదాం అనుకున్న రోజు ముందు రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు మిద్దె ఎక్కండి. లాడ్జిలో దిగినవాళ్లైతే ఉత్తరం వైపు తెరుచుకునే కిటికీయో, లీలామహల్ సర్కిల్ దగ్గర టీ అంగడో చాలు. కొండ మధ్యలో, అలిపిరి మెట్ల దారిలో వచ్చే గాలిగోపురం దగ్గర శంఖం, చక్రం, నామం లైట్లతో వెలుగుతుంటాయి. అవి గీసినట్టు స్పష్టంగా, అంచులు చెదరకుండా కనిపిస్తే గాలి శుభ్రంగా ఉన్నట్టే, అలారం పెట్టుకుని పడుకోండి. నామాల చుట్టూ పాలు ఒలికినట్టు వెలుగు పరుచుకుని ఉంటే దుమ్మో తేమో ఉంది, పైనుంచి ఊరు మసకగానే కనిపిస్తుంది. అసలు నామాలే కనిపించకపోతే కొండ మీద మబ్బు దిగింది, మరుసటి రోజు ప్రోగ్రాం మార్చుకోండి, లేదా ఆలస్యంగా బయల్దేరండి. ఫోన్లో వాతావరణం యాప్ తిరుపతి ఎండ చూపిస్తుందే తప్ప పైన ఏముందో సరిగ్గా చెప్పదు. కింద ఊరు సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది, తిరుమల 850 మీటర్లు దాటుతుంది, ఆ మధ్య దూరంలో వాతావరణమే మారిపోతుంది. ఈ నామాల లెక్క నన్ను మోసం చేసిన రోజులూ ఉన్నాయి గానీ తక్కువ.

ఇక పొద్దున కపిలతీర్థం రోడ్డులో పోతున్నప్పుడు ఒక్క నిమిషం బండి పక్కన ఆపి తలెత్తి చూడండి. కొండ పైభాగం నిట్టనిలువుగా ఎర్రటి గోడలా ఉంటుంది, దాని కింద చెట్లు పొదలతో వాలుగా జారిన భాగం ఉంటుంది. ఆ రెండూ ఒకే రాయి అనుకుంటాం, కాదు. పై గోడ క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయైంది. కింద ఉన్నది దానికంటే చాలా పాత గ్రానైట్ జాతి రాయి. రెండింటికీ మధ్య వయసు తేడా కోట్ల ఏళ్లు, సుమారు 80 కోట్ల ఏళ్ల చరిత్ర ఆ గీత దగ్గర మాయమైపోయిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అనే నోరు తిరగని పేరు దానికి, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు కూడా. ఘాట్ రోడ్డులో పోయేటప్పుడు కొండను తొలిచిన చోట్ల ఆ రాళ్లే మీ పక్క నుంచి పోతుంటాయి. కింద నుంచి ఒకసారి చూసిపెట్టుకుంటే పైకెళ్లాక, ఇప్పుడు ఆ ఎర్రగోడ నెత్తిన నిలబడ్డాం కదా అని తెలుస్తుంది. లేకపోతే అన్నీ రాళ్లే.

ఇప్పుడు అసలు సంగతి, వేళ. చాలామంది ఏ కాలమైనా ఒకటే సలహా ఇస్తారు, తెల్లవారుజామునే వెళ్లిపోండి అని. సగం తప్పు. ఎండాకాలం పెందలాడే పోవాలి, చలికాలం పైకొండకు ఆలస్యంగా పోవాలి. ఇది నేను ఎట్ల నేర్చుకున్నానంటే, ఒక జనవరిలో నెల్లూరు నుంచి మా మేనమామ కుటుంబం వచ్చింది. నేనే పెద్ద తెలిసినవాడిలాగా నాలుగింటికి అందరినీ లేపి, పిల్లలకు మంకీ క్యాపులు తగిలించి, వణుక్కుంటూ ఆరున్నరకల్లా తిరుమల పైన శ్రీవారి పాదాలు అనే ఎత్తైన చోట నిలబెట్టాను. ఎదురుగా ఏముంది? తెల్లగా ఉంది. గుడి లేదు, ఊరు లేదు, రెండు గజాల అవతల ఉన్న మా మామ కూడా లేడు. మా అత్త శాలువా బిగించుకుని, "వైకుంఠం వైకుంఠం అంటారే, ఇట్లే ఉంటుందేమో నాయనా, ఏమీ కనపడకుండా" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో పొగమంచు పడితే చాలు వైకుంఠం దిగిందంటారు. గంటన్నర పైనే కూర్చున్నాం, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు, దిగిపోదామని లేచేసరికి ఒక పక్క నుంచి మబ్బు చిరిగినట్టు చిరిగి, ముందు ఒక గోపురం కొస, తర్వాత కాటేజీల కప్పులు, తర్వాత ఆనంద నిలయం మీద బంగారు మెరుపు, ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆ పది నిమిషాలు చూశాక నా మీద కోపం పోయింది వాళ్లకు. కానీ ఆ గంటన్నర ఇంట్లో వేడిగా ఇడ్లీ తిని తొమ్మిదింటికి బయల్దేరినా అదే చూసేవాళ్లం.

కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పైన శ్రీవారి పాదాలకు పొద్దున తొమ్మిదిన్నర, పది తర్వాతే వెళ్లండి. లేదంటే సాయంత్రం మూడున్నరకు, వెలుగు మెత్తబడేటప్పుడు. తెల్లవారుజామునే లేవాలని మనసు పీకేస్తుంటే ఆ వేళకు గాలిగోపురం దాకా మెట్లెక్కండి, పైకొండకు కాదు. చలికాలంలో ఒక విచిత్రం జరుగుతుంది. కొండ నెత్తిన మబ్బు కూర్చుంటుంది, కింద ఊరి మీద మంచు దుప్పటి కప్పుకుంటుంది, గాలిగోపురం రెండింటికీ మధ్యలో పడుతుంది. పైగా ఆ నెలల్లో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి లేస్తాడు, మన కొండ ముఖం దక్షిణానికి ఉంటుంది కాబట్టి పొద్దు పొడవడం మైదానం మీద కనిపిస్తుంది. మే నెలలో అదే చోట నిలబడితే సూర్యుడు ఈశాన్యం వైపు, కొండ చాటున లేస్తాడు, పొద్దెక్కాక గానీ మన వైపు రాడు. ఫోటోల కోసం పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వేసవిలో సూర్యోదయం ఫోటో తీద్దామని గాలిగోపురం ఎక్కిన మిత్రుడొకడు కోతి ఫోటోలతో తిరిగొచ్చాడు.

ఎండాకాలం సంగతి వేరే. ఏప్రిల్, మే నెలల్లో కింద తిరుపతి 40 డిగ్రీలు దాటి మాడిపోతుంటుంది, పైన కొంత చల్లగా ఉంటుంది, నిజమే. కానీ పైన చల్లగా ఉంటుంది కదా అని మధ్యాహ్నం పన్నెండింటికి బయల్దేరారనుకోండి, ఘాట్‌లోనే ఉడికిపోతారు. శ్రీవారి పాదాల దగ్గర చెప్పులు విడిచి నడిచే రాతి బండల మీద అరికాళ్లు కాలిపోతాయి. ఎండ పెరిగే కొద్దీ మైదానం మీద ధూళి పొర లేస్తుంది, చంద్రగిరి వైపు కొండలు కూడా తుడిచేసినట్టు పోతాయి. అందుకని వేసవిలో ఆరింటికల్లా అలిపిరి దాటి, ఏడింటికి పైన చూడాల్సింది చూసేసి, తొమ్మిది, పదిలోపు నీడకు చేరిపోవాలి. అంత పొద్దున్నే లేవలేనివాళ్లు వేసవిలో సాయంత్రం ఐదు తర్వాత వెళ్లి, చీకటి పడేదాకా ఉండి, దిగేటప్పుడు కింద ఊరి లైట్లు చూస్తూ రావచ్చు. నన్నడిగితే అదే బెస్ట్. పగలు మసకగా ఉన్న ఊరు రాత్రి లైట్లతో ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందో గీత గీసినట్టు తెలుస్తుంది. రైలు వస్తుంటే వెలుగు గీత ఒకటి పాకినట్టు కదులుతుంది.

అన్నిటికంటే స్పష్టంగా కనిపించే రోజులు మాత్రం అటు ఎండాకాలంలోనూ లేవు ఇటు నడి చలికాలంలోనూ లేవు. అక్టోబరు, నవంబరులో వాన కురిసి వెలిసిన మరుసటి రోజు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలే గట్టివి. వాన దుమ్మునంతా కడిగేస్తుంది, కొండలు పచ్చగా ఉంటాయి, కపిలతీర్థం జలపాతం దూకుతుంటుంది. అయితే వాన వెలిశాక అన్నాను, వానలో అనలేదు. తుపాను పట్టినప్పుడు పాపవినాశనం, శిలాతోరణం దారులు మూసేస్తుంటారు, ఘాట్‌లో బండరాళ్లు జారిపడతాయి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు నడకదారి కొట్టుకుపోయి కొన్ని నెలల పాటు మూతపడింది. ఆ డిసెంబరు మొదట్లో రెండో ఘాట్‌లో, అంటే ఎక్కే రోడ్డులో, పెద్ద బండలు పడి రోడ్డే తెగింది. తుపాను ఉందని వార్త వస్తే కొండ జోలికి పోకండి, మిద్దె మీద నుంచి చూడండి.

రోజుల విషయం గబగబా చెప్పేస్తా. శనివారం వద్దు. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, శనివారం అస్సలు వద్దు. బ్రహ్మోత్సవాలప్పుడు చూడటానికి వెళ్తే వేడుక కోసం వెళ్లండి, కొండ చూడటానికి కాదు. గరుడసేవ రోజు ఘాట్‌లో బైకులను వదలరు. వైకుంఠ ఏకాదశి, జనవరి ఒకటి, మే సెలవులు, ఇవన్నీ జనం రోజులే. మంగళ, బుధవారాలు కాస్త ఊపిరి ఆడతాయి.

ఇక ఎక్కడం. రెండు రకాలు, నడక లేదా బండి. మొత్తం నడవాలని లేకపోయినా కనీసం ఒక్కసారి అలిపిరి నుంచి గాలిగోపురం దాకా నడవండి, నా లెక్కలో తిరుపతిని చూడటానికి దాన్ని మించిన చోటు లేదు. అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లు, గాలిగోపురం వచ్చేసరికి రెండు వేలు దాటేస్తారు. అంటే కష్టమంతా మొదట్లోనే ఉంది. తర్వాత జింకల పార్కు, ఏడోమైలు మీదుగా దారి చాలావరకు మెత్తగా సాగి, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పీకుతుంది. ఓ మోస్తరు ఓపిక ఉన్నవాళ్లకు గాలిగోపురం గంట నుంచి గంటన్నర. మొదటి రెండు వందల మెట్లు ఉత్సాహంతో పరిగెత్తకండి, అక్కడ పరిగెత్తినవాళ్లందరినీ అయిదు వందో మెట్టు దగ్గర గోడకు ఆనుకుని చూస్తుంటాను. మా ఊళ్లో కొందరు పెద్దవాళ్లు ఒంటికి మంచిదని గాలిగోపురం దాకా ఎక్కి దిగుతుంటారు, వాళ్ల వెనకాల వాళ్ల నడకతో పోండి, సరిపోతుంది. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్లుంటారు, వాళ్లకు అడ్డం రాకుండా పక్క నుంచి నడవండి. దిగేటప్పుడు పట్టేసినట్టు మోకాళ్లు లాగేస్తాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కి, పైదాకా వెళ్లి, బస్సులో దిగడమే మంచిది.

శ్రీవారి మెట్టు ఇంకో నడకదారి, శ్రీనివాసమంగాపురం వైపు నుంచి. దూరం తక్కువ, రెండు కిలోమీటర్ల చిల్లర, కానీ నిలువు మెట్లు. తొందరగా పైకి చేరాలంటే అది. చూడటానికైతే అలిపిరే.

చిరుతల సంగతి దాచకుండా చెప్పాలి. ఇది శేషాచలం అడవి, మనం వాటి ఇంట్లోంచి నడుస్తున్నాం. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తర్వాతే మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్లలోపు పిల్లలను నడకదారిలో వదలకూడదని నిబంధన పెట్టారు, నడిచేవాళ్లకు చేతికర్రలు ఇచ్చారు, గుంపులుగా నడవమన్నారు. వేళలు, నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి, అలిపిరి దగ్గర బోర్డు మీద ఉన్నదే చివరి మాట. పిల్లలుంటే పొద్దున పూటే, చెయ్యి వదలకుండా. ముందు పరిగెత్తి దాక్కుని భయపెట్టే ఆటలు ఇంటి దగ్గర ఆడుకోమనండి. చీకట్లో ఒంటరిగా నడిచి వీరత్వం చూపించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

బండి మీదైతే అలిపిరి చెక్‌పోస్టులో ఎంత సేపు పడుతుందో మీ బ్యాగు చెప్తుంది. సిగరెట్, మందు, మాంసం, గుడ్డు, గుట్కా, ఏదీ పైకి పోదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా వద్దు, స్టీలు సీసా తెచ్చుకుంటే పైన జలప్రసాదం కుళాయిల దగ్గర ఉచితంగా నింపుకోవచ్చు. డ్రోన్ మాట అసలు ఎత్తకండి, తిరుమలలో ఎగరేయడం నిషేధం, కేసవుతుంది. కారుకు ఫాస్టాగ్ ఉండాలి, 2025 ఆగస్టు 15 నుంచి అది తప్పనిసరి చేశారు. టూవీలర్లకు రాత్రి పూట అనుమతి కార్ల కంటే ముందే ఆగిపోతుంది, కాబట్టి సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకున్న బైకువాళ్లు ఆరోజు ఎన్నింటిదాకా వదులుతారో ఎక్కేటప్పుడే గేటు దగ్గర అడిగి వెళ్లాలి. బండి లేనివాళ్లకు ఆర్టీసీ బస్సులు వరసగా ఉంటాయి, ఎలక్ట్రిక్ బస్సులైతే పొగా చప్పుడూ లేకుండా పోతాయి. బస్సులో ఏ పక్క కూర్చోవాలని చాలామంది అడుగుతారు. దిగే దారికి 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ఏ పక్క కూర్చున్నా కాసేపు లోయ కాసేపు రాయి. వాంతులయ్యే అలవాటున్నవాళ్లు మాత్రం ముందు సీట్లో కూర్చుని, ఫోన్ లోపల పెట్టి, దూరంగా చూస్తుండాలి. కడుపు నిండా పూరీ తిని బస్సెక్కి తర్వాత రోడ్డును తిట్టకండి.

ఎక్కే దారి, దిగే దారి వేరని కొత్తవాళ్లకు తెలియదు. దిగేది పాతది, మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పనతో వేసింది, 1944లో తెరిచారు. అంతకుముందు కాలినడకో డోలీయో తప్ప వేరే దారి లేదు. ఎక్కేది 1974లో వచ్చింది, మలుపులు తక్కువ. చూపు బాగుండేది దిగే దారిలోనే, కాబట్టి పైకెళ్లేటప్పుడు ఏమీ కనిపించట్లేదని నీరసపడొద్దు. ఎక్కేటప్పుడు అడవిని చూడండి. ఎర్రచందనం చెట్లు ఇవేనా అని అడిగేవాళ్లకు, బెరడు నల్లగా మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, అట్ల గుర్తుపట్టాలి. ఎరుపు లోపల ఉంటుంది.

పైకి చేరాక శ్రీవారి పాదాలు. నారాయణగిరి మీద ఉంది, ఏడు కొండల్లో అన్నిటికంటే ఎత్తు అదే. స్వామి మొదట పాదం మోపిన చోటని నమ్మకం. ఏటా ఆషాఢంలో తొలి ఏకాదశి మరుసటి రోజు అక్కడ ఛత్రస్థాపనోత్సవం చేస్తారు. సొంత బండి ఉంటే మెట్ల మొదలు దాకా పోతుంది, లేదంటే తిరుమలలో జీపులవాళ్లు పాదాలు, శిలాతోరణం, ఆకాశగంగ, పాపవినాశనం అన్నీ కలిపి తిప్పుతామంటారు. ఎక్కే ముందే రేటు, ఏమేం చూపిస్తారు, ఒక్కోచోట ఎంతసేపు ఆపుతారు, ఈ మూడూ మాట్లాడుకోండి. మూడోది ముఖ్యం. రేటు తగ్గించుకున్నామని మనం సంబరపడుతుంటే ఆయన పాదాల దగ్గర పదిహేను నిమిషాల్లో హారన్ కొడతాడు, అప్పుడే మబ్బు విడుతుంటుంది. చలికాలమైతే పాదాల దగ్గర ముప్పావుగంటకు తక్కువ ఒప్పుకోకండి, కావాలంటే మిగతా రెండు చోట్లు వదిలేయండి.

పైన నిలబడి ముందు ఆనంద నిలయం వెతకండి. కొత్తవాళ్లు పెద్ద గోపురం కోసం చూస్తారు, అది కాదు, తెల్లటి కట్టడాల నడుమ చిన్న పసుపు మెరుపు, అదే. కింద మహాద్వారం దగ్గర నిలబడితే గుడి ఎంత పెద్దదో, ఇక్కడి నుంచి చూస్తే చుట్టూ అడవి మధ్య ఎంత చిన్నదో. మాడవీధులు గుర్తుపట్టారంటే మిగతా ఊరంతా దాని చుట్టూ అల్లుకున్నట్టు అర్థమవుతుంది. దూరంగా కాకులకొండ మీద గాలిమరలు తిరుగుతుంటాయి. ఫోటోకు జూమ్ చేయకుండా ఒకటి, జూమ్ చేసి ఒకటి తీసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి. చేతిలో బొరుగుల పొట్లం, అరటిపండు, మెరిసే కవరు, ఏదున్నా కోతులు లాక్కుంటాయి. నా కళ్లజోడు ఒకసారి పోయింది, పక్కనే అంగడాయన చెనిక్కాయలు విసిరితే దాన్ని వదిలేసింది, చెనిక్కాయల డబ్బులు నేనిచ్చాను. ఇద్దరికీ ముందే ఒప్పందం ఉందేమోనని ఇప్పటికీ నాకు అనుమానం.

తిరిగొచ్చేటప్పుడు శిలాతోరణం దగ్గర ఆగండి. రాయి దానంతటదే తోరణంలా వంగి నిలబడింది, వెడల్పు ఎనిమిది మీటర్లు, ఎత్తు మూడు మీటర్లు. ఎవరూ చెక్కలేదు, మెత్తటి భాగం గాలికీ నీళ్లకూ అరిగిపోయి గట్టి భాగం మిగిలింది. పొద్దున కపిలతీర్థం దగ్గర చూసిన ఎర్రగోడ ఉంది చూడండి, ఇదీ ఆ క్వార్ట్‌జైటే. కంచె దాటి దాని కింద నిలబడాలని చూడకండి, రాయి అక్కడిదాకా వచ్చింది కోట్ల ఏళ్లు ఓపికపట్టి. పక్కనే చక్రతీర్థం, టైముంటే చూడండి. పాపవినాశనం వేసవిలో నీళ్ల కోసం జనం తోసుకుంటుంటారు, కొండ చూడటానికి పోయినవాళ్లు దాన్ని వదిలేసినా నష్టం లేదు.

ఆకలేస్తే హోటళ్ల వైపు పోకుండా తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనానికి వెళ్లండి. దర్శనం అయిందా అని ఎవరూ అడగరు. అరిటాకులో వేడన్నం, సాంబారు, చట్నీ, చక్కెరపొంగలి, తిని చెయ్యి కడుక్కుని వచ్చేయడమే. జనం ఎంత ఉన్నా వరస కదులుతూనే ఉంటుంది.

రాత్రి చల్లటి కొండ మీద ఉండి రావాలనుకునేవాళ్లకు తిరుమల కుదరదు, గది దొరకడమే ఒక పెద్ద కథ. వాళ్లు మదనపల్లె అవతల హార్స్‌లీ హిల్స్‌కు పొండి, 1,265 మీటర్ల ఎత్తు, పాతకాలం పేరు ఏనుగు మల్లమ్మ కొండ. అది ఒక పూటలో అయ్యే పని కాదు.

దిగడం గురించి జాగ్రత్తగా చదవండి, ప్రమాదమంతా ఇక్కడే. పైన గేటు దగ్గర మీరు బయల్దేరిన టైము నమోదవుతుంది, నలభై నిమిషాల కంటే ముందు కింద అలిపిరిలో తేలితే వేగంగా వచ్చినట్టు లెక్క, జరిమానా. ఎక్కేటప్పుడు అది 28 నిమిషాలు. కాబట్టి తొందరపడి ప్రయోజనమే లేదు. గేర్ల బైకైతే రెండో గేరులో ఇంజన్ ఆన్‌లో ఉంచి దించండి, పెట్రోలు మిగులుతుందని ఆపేసి న్యూట్రల్‌లో జారనివ్వకండి. స్కూటీలకు గేర్లు లేవు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. మా తమ్ముడిని వెనకాల కూర్చోబెట్టుకుని స్కూటీ మీద దిగుతూ సగం దారిలో బ్రేకు మెత్తబడటం, కాలిన రబ్బరు వాసన రావడం నాకు అనుభవమే. కుడి చెయ్యి నొక్కుతున్నా బండి ఆగకుండా పోతుంటే వెన్నులో నీళ్లు దిగాయి. అదృష్టం బాగుండి ఒక చదును వచ్చింది, కొండ వైపు ఆపి ఇరవై నిమిషాలు చల్లారనిచ్చాను. నీళ్లు పోయకూడదు, ఊరికే ఉంచాలి. అప్పటి నుంచి స్కూటీ అయితే ముందూ వెనకా రెండు బ్రేకులూ కొంచెం కొంచెం పట్టి వదులుతూ, దారిలో ఒకటి రెండు చోట్ల ఆగుతూ దిగుతున్నా. వర్షాకాలానికి ముందు బ్రేకు ప్యాడ్లు చూపించుకోవడం అలవాటైంది.

ఆగేది కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు. మలుపులో ఆపితే వెనకొచ్చే బస్సుకు మీరు కనపడరు. రోడ్డు వెడల్పుగా ఉండి, ముందే ఎవరో బండ్లు ఆపుకుని, పిట్టగోడ బలంగా ఉన్న చోట్లే ఆపండి. పిట్టగోడ ఎక్కి కూర్చుని ఫోటోలు దిగే పిల్లలను చూస్తే నాకు కాళ్లలో వణుకొస్తుంది. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్ల దారి రోడ్డు పక్కకే వస్తుంది, అక్కడే అవ్వాచారి కోన లోయ, పచ్చగా నిట్టనిలువుగా కిందికి. నిదానంగా దిగుతుంటే కింద ఊరు మలుపు మలుపుకీ దగ్గరవుతూ కనిపిస్తుంది. మొదట చుక్కలు, తర్వాత కప్పులు, తర్వాత కప్పుల మీద నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు.

కిందికి చేరాక మళ్లీ కపిలతీర్థం దగ్గర ఆపి టీ తాగండి. ఎర్రగోడ మీద మీరు నిలబడిన చోటు ఎటువైపో వేలు పెట్టి చూపించమని పక్కవాళ్లను అడగండి. మా మామ ఎప్పుడూ తప్పు చోటే చూపిస్తాడు.